ఊళ్ళో ఇల్లు: కొనడానికి ముందు ఒక వానాకాలం

హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లు కొనుక్కుని స్థిరపడదామనుకునేవాళ్ళు ఈ మధ్య బాగా కనిపిస్తున్నారు. హైదరాబాదులో రిటైరైనవాళ్ళు, బెంగుళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, పిల్లలు అమెరికాలో ఉండిపోతే అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఒంటరితనంతో విసిగిపోయిన దంపతులు. సలహా అడిగిన ప్రతివారికీ నేను చెప్పే మాట ఒకటే. ఊరు నచ్చిందా, ముందు అద్దెకు దిగండి. ఒక వానాకాలం పూర్తిగా ఉండండి, వీలైతే ఎండాకాలం కూడా చూడండి. బయానా సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఎందుకలా అంటున్నానో ఈ అధ్యాయంలో వివరంగా చెబుతాను.

ఈ ప్రాంతం మీద మనసు పడటంలో తప్పేమీ లేదు. 16వ నంబరు జాతీయ రహదారి మీద విజయవాడ సుమారు 40 కిలోమీటర్లు, ఏలూరు పాతిక లోపు. ఉత్తరానికి తిరిగితే నూజివీడు, దక్షిణానికి తిరిగితే గుడివాడ మీదుగా మచిలీపట్నం. గన్నవరం విమానాశ్రయం దారిలోనే ఉంది. జంక్షన్‌లో రైల్వే స్టేషన్ కూడా ఉంది, దాని పేరు నూజివీడు. టికెట్ తీసుకునేటప్పుడు కొత్తవాళ్ళు తికమకపడేది ఇక్కడే. పట్నానికి దూరమైపోతున్నామన్న దిగులు లేకుండా పల్లెలో ఉండగలిగే చోట్లు మన రాష్ట్రంలో అంత ఎక్కువేమీ లేవు. ఇది కచ్చితంగా వాటిలో ఒకటి.

జంక్షన్‌కు ఏ వైపు?

"జంక్షన్ దగ్గర ఇల్లు" అని బ్రోకరు అనగానే ఏ వైపో అడగండి. ఈ రోడ్డుకు అటూ ఇటూ రెండు వేరు వేరు నేలలున్నాయి. నూజివీడు వైపు మెట్ట. ఎర్రనేల, మామిడి తోటలు, పామాయిల్, బోర్ల మీద బతికే వ్యవసాయం. గుడివాడ వైపు డెల్టా. నల్లరేగడి, కాలవలు, వరి, వరి కోశాక మినుము, ఇంకా కిందికి నందివాడ, కైకలూరు పోతే చేపల చెరువులు. 1855 నాటికి విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టి కాలవలు తవ్వారు. ఆ పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెల్టా ఊళ్ళ ఇళ్ళూ, చెరువులూ, దారులూ అన్నీ ఆ కాలవ నీటి లెక్క ప్రకారం ఏర్పడ్డవే.

మెట్ట వైపు ఇంటికి పునాది బాధ తక్కువ, నీటి బాధ ఎక్కువ. బోరు ఎంత లోతు, వేసవిలో ఎన్ని గంటలు పోస్తుంది, పక్క తోటలో కొత్త బోరు వేస్తే దీని గతేమిటి అని ఆరా తీయాలి. ఈ వైపు కోళ్ళ ఫారాలు కూడా చాలా ఉన్నాయి. ఫారం కిలోమీటరు దూరంలో ఉన్నా గాలి ఇటు తిరిగిన రోజుల్లో వాసన వస్తుంది, వానలు పడ్డాక ఈగలు వస్తాయి. మధ్యాహ్నం కారులో వచ్చి ఇల్లు చూసి వెళ్ళినవారికి ఈగలు కనిపించవు. భాద్రపదంలో వంటింట్లో నిలబడితే కనిపిస్తాయి.

డెల్టా వైపు నీళ్ళకు లోటుండదు, ఉన్న చిక్కంతా నీళ్ళతోనే. ఇల్లు పల్లంలో ఉందా, మెరక మీద ఉందా అన్నదే మొదటి ప్రశ్న. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు విజయవాడ పక్కనుంచి వచ్చి కొల్లేటిలో కలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో అది గట్లు తెంచుకున్నప్పుడు సింగ్‌నగర్ మునిగిన సంగతి దేశమంతా టీవీల్లో చూసింది. ఆ నీరే తర్వాత నందివాడ మండలంలోని ఊళ్ళను కూడా ముంచింది, వాటి గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. మీరు చూస్తున్న ఊరు ఆ దారిలో ఉంటే, అప్పుడు ఈ వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయని కనీసం ముగ్గురిని విడివిడిగా అడగండి. అమ్మేవారిని అడిగి లాభం లేదు. ఎదురింటి ముసలావిడను అడగండి, ఆవిడ గోడ మీద వేలు పెట్టి చూపిస్తుంది.

మల్లవల్లి పారిశ్రామికవాడ, అక్కడ 2025లో మొదలైన అశోక్ లేలాండ్ బస్సుల ప్లాంటు, జంక్షన్‌కు వేసిన బైపాస్, వీటన్నిటి వల్ల రోడ్డు పక్క స్థలాల ధరలు పెరిగాయి. ఆ ధరల మాటలు చెప్పి, లోపల ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి ఇంటిని కూడా అదే ఊపులో అమ్మాలని చూస్తారు. లాభానికి స్థలం కొనడం వేరు, నివాసానికి ఇల్లు కొనడం వేరు. మీరు రెండో పని మీద వచ్చారు, మొదటి దాని లెక్కలు వినకండి.

సంక్రాంతికి చూసిన ఊరు

పట్నవాసి మనసులో ఉండే ఊరు సాధారణంగా సంక్రాంతి ఊరు. పంట ఇంటికొచ్చి ఉంటుంది, రోడ్లు ఎండి ఉంటాయి, దోమలు తగ్గి ఉంటాయి, ఎక్కడెక్కడి పిల్లలూ ఇంటికొచ్చి వీధులు కళకళలాడుతుంటాయి. కనుమ నాటి సాయంత్రం అరుగు మీద కూర్చున్నవాడికి ఇక ఇక్కడే ఉండిపోవాలనిపించడం సహజం. నాలుగు రోజుల్లో ఆ బంధుజనమంతా కార్లెక్కి వెళ్ళిపోయాక వీధిలో తలుపు తీసి ఉండే ఇళ్ళు ఎన్నో లెక్కపెట్టండి. మీరు కొనబోయేది ఆ మిగిలిన సంవత్సరాన్ని.

అద్దెకు ఇల్లు దొరకదేమోనన్న బెంగ అక్కర్లేదు. తాళం వేసిన మంచి మంచి డాబాలు ఈ ఊళ్ళలో చాలా ఉన్నాయి. పిల్లలు విదేశాల్లో, పెద్దవాళ్ళు వాళ్ళ దగ్గరో హైదరాబాదులోనో ఉంటారు. ఇంట్లో దీపం పెట్టి, వాకిలి ఊడ్చి, చెదలు పట్టకుండా చూసే మనిషి ఉంటే చాలని కొద్దిపాటి అద్దెకే ఇస్తారు. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుని దిగండి. జ్యేష్ఠంలో దిగితే మంచిది.

కాలవలకు నీళ్ళు వదిలి నాట్లు మొదలైనప్పుడు ఊరి వేగం ఎలా మారుతుందో చూస్తారు. ఇంట్లో పనిమనిషి రాదు, ఆవిడ నాట్లకు వెళ్తుంది, వెళ్ళాల్సిందే. శ్రావణ భాద్రపదాల్లో మురుగు కాలవ ఎటు పొంగుతుందో, కరెంటు ఎన్నిసార్లు పోతుందో, ఫోన్ సిగ్నలు ఏ గదిలో ఉంటుందో తెలుస్తుంది. కార్తీకంలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని రేడియో అనగానే, కోతకొచ్చిన చేను చూసి మీ పక్కింటాయన ముఖం ఎలా మారిపోతుందో చూస్తారు. ఆ ముఖాన్ని చూశాక ఈ ఊరి మనుషులతో మాట్లాడే తీరు మీకు దానంతటదే వస్తుంది. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు, కట్టే ముందు మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు. ఆ చెరువు జూన్ దాకా సరిపోయిందా, చివర్లో నీరు రంగు తిరిగిందా, మీకు మీరుగా చూడాల్సిన విషయాలు.

ఇంకో సంగతి. ఊరికి వెళ్దామన్న ఉత్సాహం చాలా ఇళ్ళల్లో ఒకరిదే ఉంటుంది. ఎక్కువసార్లు భర్తది, అది ఆయన పుట్టిన ఊరు కాబట్టి. ఆయనకు చిన్ననాటి స్నేహితులు, రచ్చబండ, పొలం గట్టు. ఆవిడకు మాత్రం అది అత్తగారి ఊరు, మళ్ళీ కోడలిగా తల వంచుకోవాల్సిన ఊరు. పట్నంలో ఆవిడకున్న వాకింగ్ స్నేహాలు, గుడి కమిటీ, తనకు నచ్చిన డాక్టరు, ఒంటరిగా బజారుకు వెళ్ళి వచ్చే స్వేచ్ఛ, ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. అద్దె ఏడాది అయ్యాక నిర్ణయం ఆవిడ నోటి నుంచి రావాలి. ఆవిడ వద్దంటే ఇల్లు కొనకండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇంటిని ఎలా చూడాలి

ముందు వీధి అరుగు చూడండి. పాత ఇళ్ళకు వీధిలోంచి అరుగెక్కడానికి మూడు మెట్లుండేవి. మట్టి రోడ్డు మీద గ్రావెల్ పోశారు, దాని మీద కంకర, దాని మీద సిమెంటు రోడ్డు. అది పగుళ్ళిచ్చాక తవ్వి తీయకుండా దాని మీదే ఇంకో సిమెంటు రోడ్డు. ఇల్లు కదల్లేదు, రోడ్డే లేచింది. ఇప్పుడు మూడు మెట్లలో ఒకటే పైకి కనిపించే ఇళ్ళున్నాయి, వాకిలి రోడ్డు కంటే పల్లమైపోయిన ఇళ్ళూ ఉన్నాయి. ఇంటి చూరు నీళ్ళు వీధిలోకి పోవాల్సింది, వీధి నీళ్ళే వాకిట్లోకి వస్తాయి. అలాంటి ఇంటిని ఎంత బాగుచేసినా ఆ బాధ పోదు. పడగొట్టి, మెరక తోలించి, కొత్తగా కట్టుకోవాలి. అప్పుడు మీరు కొంటున్నది స్థలాన్నే, ఇంటికి ధర కట్టకండి.

తర్వాత గోడలు. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తు వరకు సున్నం ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడిలా రాలుతుంటే చెమ్మ ఎగబాకుతున్నట్టు. అమ్మకానికి ముందు రంగు వేయించిన ఇల్లయితే ఇది కనబడదు. బీరువా వెనకా, మంచం కిందా చూడండి, అక్కడ రంగు వేసి ఉండరు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. ఏటా జరిగే ఈ సాగుడూ ముడుచుకోవడమూ తట్టుకోవాలంటే పునాది లోతుగా ఉండాలి, ప్లింత్ బీమ్ ఉండాలి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్ళు పునాది కదిలిందనడానికి గుర్తు. సన్నటి నిలువు పగుళ్ళను చూసి బెదరక్కర్లేదు.

పెంకుటిల్లయితే దూలాలూ వాసాలూ కర్రతో తట్టించండి. టేకు గట్టిగా ఖంగుమంటే మంచిదే. బోలుగా మోగినా, కింద సన్నటి పొట్టు రాలినా లోపల పురుగుందన్నమాట. డాబా అయితే స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పుపట్టిన ఇనుము కనిపిస్తోందేమో చూడండి. ఇదంతా మనకే తెలుసుననుకోకుండా ఆ ఊరివాడు కాని ఒక మేస్త్రీని, వీలైతే సివిల్ ఇంజినీరును డబ్బిచ్చి తీసుకెళ్ళండి. ఊరి మేస్త్రీ మంచివాడే అయినా అమ్మేవాళ్ళ ముఖం చూసి నిజం చెప్పలేడు, అతన్ని ఆ ఇరకాటంలో పెట్టడం కూడా న్యాయం కాదు.

నీళ్ళు ఒక సీసాలో పట్టి పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో చేస్తారు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా అనుమతిస్తారు. సముద్రం వైపు పోయేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పనవుతాయి. చేపల చెరువుల పక్కనున్న ఇళ్ళకు ఊట కూడా వస్తుంది. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, బోరుకు ఎంత దూరమో కొలవండి. రేగడి నేల నీటిని త్వరగా పీల్చుకోదు కాబట్టి, మెట్ట ఊళ్ళల్లో బాగా పనిచేసే ఇంకుడు గుంట ఇక్కడ వానాకాలంలో నిండి కూర్చుంటుంది.

కాగితాల దగ్గర తొందరపడకండి

ఇంగ్లండ్‌లో పల్లెటూళ్ళో ఇల్లు కొన్న మన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు అక్కడి పద్ధతి గురించి చెబుతుంటారు. కొనేవాళ్ళు ముందుగా సర్వేయర్‌కు డబ్బిచ్చి ఇంటిని పరీక్ష చేయించుకుంటారు, లాయరు కాగితాలన్నీ చూస్తాడు, ఆ తర్వాతే ఒప్పందం. అక్కడ ల్యాండ్ రిజిస్ట్రీ 1862లో మొదలైంది, అందులో నమోదైన హక్కుకు ప్రభుత్వమే పూచీ. మన దగ్గర అలా కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు నమోదు చేసేది దస్తావేజును. అమ్మినవాడికి అమ్మే హక్కుందో లేదో చూసుకోవాల్సింది మీరే. హక్కుకు పూచీ ఇస్తామంటూ తెచ్చిన ల్యాండ్ టైటిలింగ్ చట్టం మన రాష్ట్రంలో 2023 అక్టోబరు ఆఖరున అమల్లోకి వచ్చింది, పెద్ద వివాదమై 2024లో రద్దయింది. కాబట్టి పాత పద్ధతే మిగిలింది. లింకు దస్తావేజులు వెనక్కి వెనక్కి వెళ్ళి చూడటం, కనీసం ముప్పై ఏళ్ళ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించడం, మంచి వకీలు చేత అభిప్రాయం రాయించుకోవడం.

పాత ఊరి ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఉంటాయి. పొలానికున్నట్టు వాటికి అడంగల్, 1బి రికార్డులు ఉండవు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు మీటరు, పాత దస్తావేజు, చుట్టుపక్కలవాళ్ళ మాట, ఇవే ఆధారాలు. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం కింద ఊళ్ళలోని ఇళ్ళస్థలాలను డ్రోన్లతో కొలుస్తున్నారు. అదే సంవత్సరం డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో రాష్ట్రమంతటి భూముల రీసర్వే మొదలైంది. మీరు కొనబోయే ఊళ్ళో ఈ రెండూ ఎంతవరకు వచ్చాయో, కొలతల మీద ఎవరైనా అభ్యంతరం పెట్టారేమో గ్రామ సచివాలయంలో అడగండి. రీసర్వేలో విస్తీర్ణం తగ్గిందని గొడవలున్న చోట ఆ గొడవ తేలేదాకా ఆగండి.

స్థలం రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందేమో చూసుకోవాలి. చెరువు పోరంబోకు, డొంక పోరంబోకు మీద ఎప్పుడో కట్టేసిన ఇళ్ళుంటాయి. తాతల నాటి నుంచి ఉంటున్నా అది అమ్మే హక్కు కాదు. పేదలకు ప్రభుత్వమిచ్చిన డి పట్టా స్థలాల అమ్మకాన్ని 1977 నాటి చట్టం కట్టడి చేస్తుంది. తక్కువ ధరకు వస్తోందని అలాంటిది కొనడం చట్టరీత్యా ప్రమాదం, ధర్మంగా చూసినా ఒక పేద కుటుంబపు నీడను లాక్కోవడమే.

అన్నదమ్ములు సంతకాలు పెట్టారు, అయిపోయిందనుకోకండి. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. "మా అక్కయ్యకు కట్నం ఇచ్చేశాం, ఆవిడకేం సంబంధం లేదండీ" అని అమ్మేవాళ్ళు మామూలుగా అనేస్తారు. సంబంధం ఉంది. పెళ్ళయి వెళ్ళిన అక్కచెల్లెళ్ళ సంతకాలు కూడా ఉండాలి. వాళ్ళ వాటా సొమ్ము వాళ్ళ చేతికి అందిందని తెలిస్తే మీ మనసుకూ ఊరట.

ఈ ప్రాంతంలో అమ్మేవారు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండటం మామూలే. అక్కడ రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఇండియాకు చేరిన 3 నెలల లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అది రాసిన మనిషితో మీరే వీడియోలో మాట్లాడండి, జీపీఏ పట్టుకొచ్చిన బావమరిది మాట ఒక్కటే చాలదు. అమ్మేది ఎన్‌ఆర్‌ఐ అయితే కొనేవారే పన్ను మినహాయించి కట్టాలి. ఇక్కడివాళ్ళ దగ్గర కొన్నప్పుడు వర్తించే 50 లక్షల పరిమితి దీనికి లేదు. ఇది తెలియక మొత్తం డబ్బు ఇచ్చేస్తే ఆదాయపన్ను శాఖ తర్వాత మిమ్మల్నే అడుగుతుంది. కొనేది ఎన్‌ఆర్‌ఐ అయితే ఇంకో జాగ్రత్త. ఇల్లు కొనవచ్చు, వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ కొనకూడదు. ఇంటి వెనక కలిసి ఉన్న పెరడు రికార్డులో పొలంగా ఉందేమో చూసుకోవాలి.

ఖర్చుల్లో స్టాంపు డ్యూటీ, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం వేసుకోండి. గ్రామకంఠం ఇంటికి బ్యాంకు అప్పు అంత తేలిగ్గా పుట్టదు. కొన్న ఊరి ఇల్లు మళ్ళీ అమ్మాలంటే ఏళ్ళు పట్టవచ్చు. అందుకే పట్నంలోని ఫ్లాటు అమ్మి ఆ డబ్బుతో ఊళ్ళో ఇల్లు కొనే పని మొదటి రెండేళ్ళలో చేయవద్దంటాను.

హద్దుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఊరి తగాదాల్లో సగం బెత్తెడు జాగా కోసం నడుస్తాయి. పక్కింటి చూరు నీళ్ళు ఎవరి స్థలంలో పడాలి, మధ్యగోడ ఎవరిది, మీ ఇంటికి వెళ్ళే సందు ఉమ్మడిదా, అందులో ట్రాక్టరు వెళ్ళవచ్చా? దస్తావేజులో నాలుగు దిక్కుల హద్దులు రాసేటప్పుడు దారి హక్కును స్పష్టంగా రాయించండి. టేపు పట్టుకుని కొలిచే రోజున నాలుగు వైపుల ఇళ్ళవాళ్ళనూ పిలవండి. "బాబాయిగారూ, రేపు ఉదయం కొలుస్తున్నాం, మీరూ ఒకసారి దగ్గరుండి చూడండి" అని మీరే వెళ్ళి చెబితే, కోర్టులో ఇరవై ఏళ్ళు నడవాల్సిన వ్యవహారం అరుగు మీదే తేలిపోవచ్చు. ఆ రోజు ఎవరైనా ముఖం తిప్పుకుంటే, కారణం తెలుసుకునేదాకా డబ్బు తీయకండి.

ఊళ్ళో మనిషి కావడం

దిగిన మొదటి వారంలోనే ఎదురయ్యే ప్రశ్న: "ఎవరి తాలూకు బాబూ మీరు?" అందులో మీ ఊరు, ఇంటిపేరు, కులం అన్నీ కలిసే ఉంటాయి. చిరాకు పడకండి, దాటవేయనూ వద్దు. చెప్పండి. అయితే ఆ జవాబుతో మీ లోకం గిరిగీసుకుపోకుండా చూసుకోవాల్సింది మీరే. డెల్టా ఊళ్ళు నేటికీ చాలావరకు కులాల వారీగానే బజార్లుగా, పేటలుగా ఉన్నాయి. కొత్తగా వచ్చినవారిని మొదటి నెలలోనే తమవాళ్ళు తమ బజారులోకి, తమ పార్టీలోకి కలిపేసుకోవాలని చూస్తారు, ఆప్యాయంగానే. ఆ ఆప్యాయతకు లొంగిపోతే ఊళ్ళో సగం మీకు మూసుకుపోతుంది. కాలవ అవతలి పేటలో పెళ్ళి పిలుపు వస్తే వెళ్ళండి, అక్కడ కూర్చుని భోజనం చేయండి. మీ ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఒకే కుర్చీ, ఒకే గ్లాసు. పట్నం నుంచి పల్లెకు తీసుకెళ్ళాల్సింది ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే.

వెళ్ళగానే గుడికి లక్ష, బడికి లక్ష విరాళం ప్రకటించకండి. పేరు వస్తుంది, కానీ ఆ రోజు నుంచి మిమ్మల్ని పలకరించేవాళ్ళకంటే అడిగేవాళ్ళు ఎక్కువవుతారు. శ్రీరామనవమి పందిరికి అందరితో పాటు చందా ఇవ్వండి, పానకం కలిపేచోట చేయి వేయండి. పాలు పోయడానికి కేంద్రానికి వచ్చేవాళ్ళతో పొద్దున్నే పది నిమిషాలు నిలబడితే ఊరి సమాచారమంతా తెలుస్తుంది. కృష్ణా మిల్క్ యూనియన్‌కు పాలు పోసే ఊళ్ళల్లో ఆ కేంద్రమే అసలైన రచ్చబండ. పనికి వచ్చేవాళ్ళకు పట్నం లెక్కలో కూలి ఇచ్చి రేట్లు పెంచకండి, అలాగని బేరమాడి తగ్గించకండి. ఊరి రేటు కనుక్కుని అదే ఇవ్వండి, ఆ రోజే ఇవ్వండి. పేర్లు గుర్తుపెట్టుకోండి. పెద్దావిడను "పిన్నిగారూ" అని, ట్రాక్టరు నడిపే కుర్రాణ్ణి పేరు పెట్టి పిలవండి. "ఏయ్ అబ్బాయ్" అనకండి.

వరికోత మిషను రాత్రిళ్ళు కూడా తిరుగుతుంది, గడ్డి ట్రాక్టరు తెల్లవారకుండానే సందులో దారి అడుగుతుంది, మైకులో పాటలు మొదలవుతాయి. నిద్ర చెడిందని మొదటి ఏడాది ఎవరి మీదా ఫిర్యాదు చేయకండి. ఆ చప్పుళ్ళలో చాలావరకు వాళ్ళ బతుకుతెరువు. కోళ్ళ ఫారం వాసన, మిల్లు బూడిద లాంటి నిజమైన ఇబ్బందుల సంగతి వేరు. వాటి గురించి ఊరివాళ్ళు కూడా బాధపడుతుంటారు, వాళ్ళతో కలిసి అడగండి.

వయసైనవాళ్ళు ఒక రాత్రి పదకొండింటికి, ఏ అవసరమూ లేకుండానే, ఆ ఊరి నుంచి ఆసుపత్రికి ప్రయాణం చేసి చూడాలి. చిన అవుటుపల్లిలో పిన్నమనేని సిద్ధార్థ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అటు ఏలూరులో ఆశ్రం ఆసుపత్రి ఉంది. హైవే ఎక్కితే రెండూ దగ్గరే. హైవే ఎక్కేదాకా ఉన్న ఊరి రోడ్డే చూడాలి, వానలో అది ఎలా ఉంటుందో చూడాలి. రాత్రిపూట ఎవరి ఆటో వస్తుంది, ఎవరి కారు అడగవచ్చు అన్న రెండు పేర్లూ ఫోన్ నంబర్లూ గోడ మీద రాసిపెట్టుకునే స్థితి వచ్చాకే మీరు ఆ ఊళ్ళో స్థిరపడినట్టు. పడగ్గదీ బాత్‌రూమూ కింది అంతస్తులోనే, గడప లేకుండా ఉండేలా ముందే మార్పించుకోండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక చాలామంది అంతటితో ఆగిపోతారు. ఇంటి పన్ను పంచాయతీలో మీ పేరు మీదికి మార్చుకోవాలి, కరెంటు మీటరు విద్యుత్ సంస్థలో మార్చుకోవాలి, కొళాయి కనెక్షనూ అంతే. పాత యజమాని పేరుతో బిల్లు వస్తూనే ఉంది కదా అని వదిలేస్తే రేపు మీ పిల్లలు అమ్మాలనుకున్నప్పుడు ఇబ్బంది పడతారు. ఆధార్‌లో చిరునామా మార్చుకోండి. ఫారం 8 నింపి మీ ఓటును కూడా ఆ ఊరికే బదిలీ చేయించుకోండి. ఓటు పట్నంలో, ఇల్లు పల్లెలో అన్నంతకాలం మీరు అక్కడ చుట్టపు చూపుగా ఉన్నట్టే లెక్క. గ్రామసభ పెట్టిన రోజున వెళ్ళి కూర్చోండి, మొదటిసారి వినండి, రెండోసారి మాట్లాడండి. మీ వీధిలో ఈసారి వేసే సిమెంటు రోడ్డు పాతదాన్ని తవ్వి వేస్తారా, దాని మీదే పోస్తారా అన్నది అక్కడ అడగాల్సిన ప్రశ్నే.